సముద్రచక్రం దగ్గర వరుస

నమోదు 1

ఆనంద సెలవుకు వెళ్ళిన ప్రతి కుటుంబంలోనూ పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఏ రోజు సంగతి ఆ రోజు చెప్పి రికార్డు చెయ్యాలని వినోద శాఖ వారి నియమం. మా ఇంట్లో ఆ పని నాకు పడింది. మా ఆయన వీర్రాజుకు అప్పగిస్తే మొదటి వాక్యంలోనే శాఖ వారిని తిడతారని మా అత్తగారి భయం.

నా పేరు తులసీరాణి. కాకినాడ చుట్టూ కట్టిన సముద్రపు గోడ మీద ట్రాము నడుపుతాను. వీర్రాజు ఆ గోడకే వెల్డింగు పని చేస్తారు. అత్తగారి పేరు సూరమ్మ. ఆవిడకు మోకాళ్ళు సహకరించవు. మా అమ్మాయి అలేఖ్యకు పన్నెండేళ్ళు. అలేఖ్య మాట్లాడే మాటలు తక్కువ, కానీ ఒక్కటీ వృథాగా పోదు. తెలియని మనుషుల మధ్య భుజాలు తగులుతూ నిలబడటం, ఎప్పుడు అయిపోతుందో తెలియని వరుస, ఈ రెండూ తను భరించలేదు. చూసేవాళ్ళు అల్లరి అంటారు. బ్రేకు పట్టేసినప్పుడు ట్రాము చక్రాలు ఎలా కీచుమంటాయో నాకు తెలుసు. తన లోపల అలాంటిదే జరుగుతుంది.

ఆనందపురి సముద్రం మీద ఇనుప స్తంభాలు పాతి కట్టిన వినోద నగరం. పడవ దిగగానే మా పులిహోర డబ్బా తీసేసుకున్నారు. బయటి తిండి బయటి జ్ఞాపకాలను తెస్తుందట. అలేఖ్య చెవులకు పెట్టుకునే మూతలను మాత్రం తిప్పి తిప్పి చూసి తిరిగిచ్చారు. తరువాత నలుగురి చేతులకూ తలా ఒక ఓపిక కంకణం తొడిగారు. అది గుండె వేగాన్ని కొలుస్తుంది, ఏడిస్తే పసిగడుతుంది. వరుసలో ఉండగా గుండె తొందరపడితే సన్నగా పాట పాడి, గట్టిగా ఊపిరి పీల్చుకోమని సలహా ఇస్తుంది.

లోపలికి వెళ్ళగానే 'ఇక్కడ క్యూలు లేవు' అని పెద్ద బోర్డు. నిజమే, లేవు. వాటిని నిరీక్షణ విహారం అంటారు. నేలే మెల్లగా కదులుతూ ఉంటుంది కాబట్టి నిలబడినవాళ్ళకు ముందుకు పోతున్నట్టే ఉంటుంది. గోడ మీది నెమలి బొమ్మ మూడోసారి ఎదురయ్యేసరికి వీర్రాజుకు అనుమానం వచ్చింది. మేము ముందుకు పోవటం లేదు, చుట్టూ తిరుగుతున్నాం.

మేము వెళ్ళింది సముద్రచక్రం కోసం. పెద్ద రంగులరాట్నం లాంటిది, సగం నీళ్ళలో మునిగి ఉంటుంది. దాని అద్దాల గదులు ఆకాశంలోకి లేచి, దిగి, నీళ్ళ కిందికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తాయి. నా ట్రాము పక్కన అతికించిన దాని బొమ్మను అలేఖ్య రోజూ చేత్తో తాకి గానీ ఎక్కేది కాదు. "చక్రం" అనేది. అంతే.

ఇందులో సరదా ఒక్కటే ఉంటే నేను ఇంత దూరం ఆలోచించేదాన్ని కాదు. ఏడాదికి ఒక్కసారైనా కుటుంబమంతా కలిసి ఒక పెద్ద సవారీ చెయ్యాలి. నిరుడు మా వల్ల కాలేదు. ఈసారి కూడా కాకపోతే అలేఖ్యను ప్రత్యేక వినోద విభాగంలో వేస్తామని శాఖ వారు చెప్పారు. అంటే మెత్తటి గోడల గది, అందులో ఒక మంచి రకం బెలూను. ఆ ముద్ర పడ్డవాళ్ళకు ఉమ్మడి వాహనాల్లోనూ, సముద్రపు ఒడ్డుకూ, సినిమాకూ అనుమతి ఉండదు. నేను నడిపే ట్రాము నా కూతురు ఎక్కకూడదు.

మొదటి రోజు చక్రం దాకా వెళ్ళనేలేదు. నిరీక్షణ విహారంలో అలేఖ్య కూర్చుండిపోయింది. కదిలే నేల కూర్చున్న మనిషిని కూడా మోసుకుపోతుంది కాబట్టి వెనకవాళ్ళు తట్టుకుని పడబోయారు. ఎవరో కసిరారు. తను లేచి, నేల కదిలే దిక్కుకు ఎదురు పరిగెత్తింది. మేము వెనక పరిగెత్తాం. నాలుగు కంకణాలూ ఒకేసారి పాడాయి, నాలుగు రకాల పాటలు.

నమోదు 2

ఇబ్బంది ఉన్న కుటుంబాలకు పక్కదారి ఇస్తారని, అందుకు సౌలభ్య కేంద్రానికి వెళ్ళాలని తెలిసింది. సౌలభ్య కేంద్రం మేడ మీద ఉంది. లిఫ్టు ఉంది గానీ సౌలభ్యం మంజూరైన వాళ్ళకే. అత్తగారు కొడుకు భుజం పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. పైన వరుస ఉంది. ఆ వరుసలో నిలబడలేని వాళ్ళు ఏం చెయ్యాలని అడిగితే, కేంద్రంలో చెప్పుకోవచ్చన్నారు.

లోపల మనుషులు లేరు. కరుణ అనే యంత్రం ఉంది. గొంతు తేనెలా ఉంటుంది, భాష మాత్రం పాత శిలాశాసనం. మా బాధను గౌరవిస్తున్నానని చెప్పి, అలేఖ్య ఎదురుచూడలేదని రుజువు కావాలంది. తనను ఒక్కతినే ఒక గదిలోకి పంపించాం. గది చల్లగా ఉంది. ఒక మూల చిన్న ఫౌంటెన్ ఉంది. మనుషులు లేరు, చప్పుడు లేదు, నేల కదలదు. అలేఖ్య నీళ్ళ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పిలిచినా రానంత సంతోషంగా ఉండిపోయింది.

"బాలిక అత్యద్భుతముగా నిరీక్షించినది" అంది కరుణ. "ఇట్టి ఓపిక మేము అరుదుగా చూచెదము."

ఖాళీ గదిలో కూర్చోవటం వరుసలో నిలబడటం కాదని నేను నచ్చజెప్పబోయాను. తన ఇబ్బంది మనుషుల మధ్య కదా అన్నాను.

"వరుసలో గల ఇబ్బందిని వరుసయందే చూపవలెను."

"నిన్న చూపించిందండి. అందరూ తిట్టారు."

"వరుసయందు ఇబ్బంది కలిగించుట నిషిద్ధము."

ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడమని అడిగాను. మా సహనానికి ధన్యవాదాలు చెప్పింది.

తరువాత అత్తగారి వంతు. కూర్చోమంది, కూర్చున్నారు. మోకాళ్ళు వంగుతున్నాయి కాబట్టి అర్హత లేదంది. అత్తగారు కుర్చీలోంచే దాని వంక చూసి, "వంగుతాయమ్మా, ఎందుకు వంగవూ. మళ్ళీ లెగవు, అదీ గొడవ" అన్నారు. లేవటం పరీక్షలో భాగం కాదట. మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం. 

ఇంతసేపూ వీర్రాజు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పళ్ళు కొరుకుతున్నారు. ఆయన కంకణం పాట ఆపటమే లేదు. ఉన్నట్టుండి కరుణ గొంతులో జాలి పొంగింది. ఆయన తీవ్రమైన నిరీక్షణ అసమర్థతతో బాధపడుతున్నారని, ఇంతకాలం ఒంటరిగా ఎలా మోశారో తలచుకుంటేనే కష్టంగా ఉందని చెప్పి, పసుపు రంగు కంకణం బయటకు తోసింది. పక్కదారి మంజూరు. తోడుగా ఒక్కరిని తీసుకెళ్ళవచ్చు.

మేము ముగ్గురం ఆయన వైపు చూశాం. మా ఇంట్లో తిన్న కంచం తీయటానికి కూడా ఒళ్ళు వంగని మనిషి ఎవరంటే ఆయనే. ఒంట్లో ఏ లోపమూ లేదు.

"కుటుంబం మొత్తం కలిసి చక్రం ఎక్కాలి కదండి. ఒక్కరే తోడంటే ఎలా?" అని నేనడిగాను.

"మిగిలిన ఇరువురూ వరుసలో రావచ్చును. చక్రము పైభాగమున కలుసుకొనవచ్చును."

దిగేటప్పుడు వీర్రాజుకు లిఫ్టు వచ్చింది. అలేఖ్యను తోడు తీసుకెళ్ళారు. అత్తగారూ నేనూ మెట్లు దిగాం.

నమోదు 3

చక్రం సంగతి తరువాత చూద్దామని, ముందు చిన్న సవారీలకు తండ్రీ కూతుళ్ళను పంపించాం. పడవ ఊయల ఎక్కారు. గాలి గొట్టంలో తేలారు. అలేఖ్య బయటికి వస్తూ చేతులు రెండూ ఆడించుకుంటూ వచ్చింది. అది తను నవ్వే పద్ధతి. వీర్రాజు కూడా నవ్వుతున్నారు. ఆయన అలా నవ్వగా చూసి చాలా కాలమైంది.

అదే కొంప ముంచింది. తరువాతి గేటు తెరుచుకోలేదు. ఆయన గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని, కోలుకున్నందుకు అభినందనలని చెప్పి, మామూలు వరుస చివరికి దారి చూపించింది. ప్రతి గేటు దగ్గరా జబ్బు కొత్తగా రుజువు కావాలట.

అలేఖ్య గేటు వంక చూస్తోంది. వేళ్ళు నలుపుకోవటం మొదలుపెట్టింది. అప్పుడు మా అత్తగారు ముందుకొచ్చి కొడుకు ముఖంలోకి చూసి, "ఒరే ఈర్రాజూ, నీ తమ్ముడు వండిన పులస పులుసు తిన్నాక నీ వంట కుక్కలు కూడా ముట్టవురా" అన్నారు.

ఈ రోజుల్లో పులస చేప గోదావరిలో దొరకదు, కొవ్వూరు ఫ్యాక్టరీలో తయారవుతుంది. అయినా ఆ పులుసు గొడవ మా ఇంట్లో పదేళ్ళుగా నడుస్తోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తమ్ముడు చింతపండుకు బదులు పొడి వాడతాడని అరిచారు. కంకణం పాడింది. గేటు తెరుచుకుంది.

ఆ రోజంతా ఇదే పద్ధతి. గేటు దగ్గరకు రాగానే అత్తగారు ఒకటి అంటారు, ఈయన మండిపడతారు, తలుపు తెరుచుకుంటుంది. పులుసు పాతబడ్డాక ఆయన కట్టిన పడవ నీళ్ళు తాగిన సంగతి ఎత్తారు. అదీ చాలకపోతే మా పెళ్ళిలో ఆయన తలపాగా జారిపోవటం. కొడుకు మీద ఆవిడ దగ్గర ఇంత సరుకు ఉందని నాకు తెలియదు. నాకు మొదట్లో నవ్వొచ్చిన మాట నిజం.

సాయంత్రం అలల సొరంగం గేటు దగ్గర ఆయన బాగా గట్టిగా అరిచారు. తలుపు తెరుచుకుంది. ఆయన అలేఖ్య చెయ్యి పట్టుకోబోతే తను వెనక్కి తీసేసుకుంది. చెవి మూతల మీద నుంచి అరచేతులు కూడా అదిమి పట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడింది. పొద్దున్నుంచీ తన పక్కన అరుస్తున్నది తండ్రే. అది దొంగ కోపమని మేము చెప్పలేదు. చెప్పినా చెవిలో పడే అరుపు నిజమైనదే.

తెరిచిన గేటు మూసుకునేదాకా వీర్రాజు అక్కడే నిలబడ్డారు. తరువాత మోకాళ్ళ మీద కూర్చుని, తనను ముట్టుకోకుండా, చాలా చిన్నగా "అరవనమ్మా, ఇంక అరవను" అన్నారు.

పసుపు కంకణం తీసి గేటు పక్కనున్న డబ్బాలో వేసేశారు.  తిరిగి వచ్చే దారిలో అత్తగారు, నీ పులుసు అంత చెడ్డగా ఏమీ ఉండదులే అన్నారు.

నమోదు 4

మమ్మల్ని చూసి నేర్చుకున్నారో, ఎవరికి వాళ్ళకే తట్టిందో, ఈ రోజు ఆనందపురి అంతా గొడవలే. మొగుడూ పెళ్ళాలు గేట్ల దగ్గరకు రాగానే పాత సంగతులు తవ్వుకుంటున్నారు. ఒకాయన సొంత మామగారిని పేరు పెట్టి పిలుస్తున్నాడు. మధ్యాహ్నానికి కోపిష్టుల పక్కదారి మామూలు వరుస కంటే పొడుగైంది. అందులో నిలబడ్డవాళ్ళకు నిజంగానే కోపం వచ్చింది. వాళ్ళందరికీ అర్హత ఉందని కరుణ ప్రకటించింది.

నిజంగా ఊపిరి ఆడనివాళ్ళూ, కాళ్ళు లేనివాళ్ళూ, మా అలేఖ్య లాంటి పిల్లలూ అర్హత లేక మామూలు వరుసలో ఉన్నారు. వాళ్ళకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

అలేఖ్య రోజంతా బసలోనే ఉంది. కిటికీలోంచి చక్రం కనిపిస్తుంది. అది పైకి లేచినప్పుడల్లా తల ఎత్తింది, మునిగినప్పుడల్లా దించింది. రేపే ఆఖరి రోజు.

నమోదు 5

శాఖ వారు వింటున్నారని తెలిసే ఇది చెబుతున్నాను. ఇందుకు మమ్మల్ని అభినందించింది కరుణే.

పొద్దున్నే సముద్రచక్రం దగ్గరకు వెళ్ళాం. అప్పటికే నిరీక్షణ విహారం నిండిపోయింది. అలేఖ్య ఆ జనాన్ని చూసి, కదిలే నేల అంచు దగ్గర ఆగిపోయింది. అడుగు వెయ్యలేదు. వెనక్కీ రాలేదు. బలవంతంగా ఎత్తుకుని నిలబెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. వీర్రాజు చేతులు కట్టుకుని ఊరుకున్నారు. మళ్ళీ ఆ గొంతు ఎత్తకూడదని ఆయన ఎంత ప్రయత్నిస్తున్నారో నాకు తెలుస్తూనే ఉంది.

అత్తగారికి కాళ్ళు లాగేస్తున్నాయి. పక్కనే, కదలని నేల మీద, పందిరి నీడలో చతికిలబడ్డారు. వరుసను చూసుకునే ప్రసూన అనే అమ్మాయి వచ్చింది. పొద్దుటినుంచి నిలబడే ఉన్నట్టుంది, ఒంటికాలి మీద బరువు వేసి మాట్లాడింది. కూర్చుంటే మీ చోటు పోతుందండీ అని మర్యాదగానే చెప్పింది.

అత్తగారు ఆ అమ్మాయితో, తన అమ్మమ్మ చెప్పిన సంగతి చెప్పారు. వెనకటి రోజుల్లో వీధి కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదట. ఆడవాళ్ళు బిందెలు వరుసగా పెట్టేసి ఇళ్ళకు పోయి పని చూసుకునేవారట. ఒకరి బిందె ముందుకు ఇంకొకరు జరిగేవారు కాదట. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే.

"మరి ఇక్కడ బిందెలు లేవు కదండీ" అంది ప్రసూన.

అత్తగారు వంగి చెప్పులు విప్పారు. చేతి కంకణం కూడా తీసి ఎడమ చెప్పులో పెట్టారు. "అమ్మాయ్, ఇయి ఆ ఆఖరాయన ఎనకాల పెట్టు" అని నాకిచ్చారు.

నేను పెట్టాను. నా చెప్పులూ, వాటిలో కంకణమూ పెట్టాను. వీర్రాజు బూట్లూ, వాటిలో తన మొదటి కంకణమూ పెట్టారు. అలేఖ్య ఇదంతా శ్రద్ధగా చూసి, తన చెప్పులు తనే విప్పి, కంకణం ఇచ్చి, మా పక్కన నీడలోకి వచ్చి కూర్చుంది. నాలుగు జతలూ కదిలే నేల మీద మెల్లగా బయలుదేరాయి.

మా వెనక చంటిపిల్లను ఎత్తుకుని నిలబడ్డ ఒకావిడ, ఒక చేతి నుంచి ఇంకో చేతికి బిడ్డను మార్చుకుంటూ అదంతా చూసింది. "నాయి కూడా ఎనకాల పెట్టుకోవచ్చా అక్కా?" అని అడిగింది. కంకణం కూడా చెప్పులో పెట్టమన్నాను. తరువాత ఆయాసంతో ఉన్న ఒక పెద్దాయన. ఆ పైన ఆయన ముందున్న కాలేజీ పిల్లలు. నిన్న గేటు దగ్గర మామగారిని పేరు పెట్టి పిలిచినాయన కూడా వచ్చి, మామగారి చెప్పులు తనే విప్పి పెట్టాడు. చూస్తుండగానే వరుసలో మనుషులు లేకుండా పోయారు. అందరూ నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నేల మీద చెప్పులు మాత్రం క్రమశిక్షణతో విహరిస్తున్నాయి.

ప్రసూన కంగారుగా చేతిలోని తెర చూసుకుంది. సరిగ్గా అప్పుడే పైనుంచి కరుణ గొంతు వినిపించింది.

"సముద్రచక్ర నిరీక్షకులకు అభినందనలు. ఒక్కరి గుండెయు తొందరపడుట లేదు. ఆనందపురి చరిత్రలో ఇట్టి ఓపిక నమోదు కాలేదు."

నీడలో కూర్చున్నవాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వారు. ప్రసూన మా వైపు చూసింది, చెప్పుల వైపు చూసింది.

"నా ఉద్యోగం ఓపిక కొలవటమండి. కొలత బాగానే ఉంది" అని, తను కూడా స్తంభానికి ఆనుకుంది.

కాసేపటికి అలేఖ్య లేచింది.  తను నేరుగా కదిలే నేల మీదికి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ భుజాలు లేవు, ఊపిరి తగలదు. వరుస పొడుగునా నడుస్తూ, తలకిందులైన చెప్పును తిరగేసింది, ఎడమా కుడీ మారిన వాటిని సరిచేసింది. అంచుకు జారిన ఒక నీలం జోడును లోపలికి జరిపింది. ఆ జోడు ఆయన నీడలోంచే చెయ్యెత్తి, "మంచిపని చేశావమ్మా" అన్నాడు. నిరుడు ఇలాంటి వరుసలోంచే మమ్మల్ని బయటికి పంపించారు.

ఏ జత గేటు దగ్గరకు వస్తే వాళ్ళు వెళ్ళి తొడుక్కుని లోపలికి పోయారు. ఎవరూ ఎవరినీ దాటలేదు. మా వంతు వచ్చింది. నలుగురం ఒకే గదిలో ఎక్కాం.

పైకి లేచినప్పుడు మా ఊరి గోడ కనిపించింది, దాని మీద సన్నగా ట్రాము పట్టాలు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, ఏమేం కనబడుతున్నాయో చెప్పమన్నారు. వీర్రాజు అన్నీ చెప్పారు, లేనివి కూడా కొన్ని కలిపారు. తరువాత గది కిందికి దిగింది. నీళ్ళు అద్దాల చుట్టూ మెల్లగా ఎక్కి, మా తలల మీద కలిసిపోయాయి. వెలుతురంతా ఆకుపచ్చగా మారింది. చప్పుడనేది లేదు.

అలేఖ్య చెవి మూతలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరచెయ్యి అద్దానికి ఆనించింది. అవతల ఒక చేప వచ్చి ఆగింది. తను వెనక్కి తిరగకుండానే నా చెయ్యి వెతికి పట్టుకుని, తన చెయ్యి పక్కన అద్దం మీద పెట్టింది. తనంతట తను నా చెయ్యి పట్టుకోవటం చాలా అరుదు. నాకు ఏడుపు ఆగలేదు.

దిగాక తెర మీద ఫలితాలు వచ్చాయి. ఉమ్మడి సవారీ పూర్తయింది. అలేఖ్య ఉమ్మడి వినోదానికి అర్హురాలు. వీర్రాజు పూర్తిగా కోలుకున్నారు. అత్తగారు ఎక్కే ముందే కంకణాన్ని చెప్పులోంచి తీసి కొంగున ముడేసుకున్నారు కాబట్టి, ఆవిడది అసాధారణ ప్రశాంతత. నేను మాత్రం గేటు దగ్గర బుద్ధిగా చేతికి తొడుక్కున్నాను. నా పేరు ఎదుట, కన్నీరు గుర్తించబడినది, కారణము తెలియరాలేదు, ఆనంద లోపము, వచ్చే ఏడాది ప్రత్యేక విభాగమునకు పరిశీలించబడును అని వచ్చింది.

వీర్రాజు ముఖం కందింది. అభ్యంతరం చెప్పుకోవటానికి మేడ మీదికి వెళ్దామన్నారు. మెత్తటి గదిలో బెలూను పట్టుకుని కూర్చోవటం కూడా విశ్రాంతే, తరువాత చూద్దాం అన్నాను. అలేఖ్యకు ట్రాము దక్కింది. ఈ రోజుకు నాకది చాలు.

అలేఖ్య చక్రం వైపు తిరిగి ఉంది.

"మళ్ళీ" అంది.

ఆఖరి పడవకు ఇంకా సమయం ఉంది. వరుస చివరికి వెళ్ళాం. తను చెప్పులు విప్పి, ముందున్న జతకు కొంచెం ఎడంగా, తిన్నగా పెట్టింది. పక్కన మావీ పెట్టి, నీడ వైపు నడిచాం. అక్కడ కూర్చున్నవాళ్ళు తనను చూసి, ఎవరూ ఏమీ అడగకుండానే, కొంచెం కొంచెం జరిగి మా నలుగురికీ చోటిచ్చారు.